మోకాలు ఎంత వంగుతోంది సరే, తిన్నగా చాచగలరా?

"మోకాలి చిప్పలు మార్పించుకున్నారట" అని అందరం అనేస్తాం గానీ, ఆ ఆపరేషన్లో చిప్ప ఎక్కడిది అక్కడే ఉంటుంది. మహా అయితే దాని వెనక వైపు పలచగా కోసి ఓ ప్లాస్టిక్ బిళ్ల అంటిస్తారు. మార్చేది కీలు అంచుల్ని. తొడ ఎముక కింది కొస నుంచి సుమారు 9 మిల్లీమీటర్లు, కాలి ఎముక పై కొస నుంచి ఇంచుమించు అంతే మందం కోసేస్తారు. అరిగిన పంటికి క్యాప్ వేసినట్టు తొడ ఎముకకు కోబాల్ట్ క్రోమియం అనే లోహపు తొడుగు వేస్తారు. కాలి ఎముక మీద ఒక లోహపు పళ్లెం, దాని మీద పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ దిమ్మ కూర్చోబెడతారు. అరిగిపోయిందని మనం చెప్పుకునే "గుజ్జు" స్థానంలోకి వచ్చేది ఆ దిమ్మే.

ఆపరేషన్ మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్నేళ్లు వస్తుంది?" దీనికి జవాబు బాగానే ఉంది. ఇలాంటి ఆపరేషన్లన్నీ నమోదు చేసే ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ జాతీయ రిజిస్ట్రీల లెక్కలతో 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. దాని ప్రకారం పూర్తి మోకీలు మార్పిడి చేసిన నూటికి 82 మోకాళ్లు 25 ఏళ్ల తర్వాత కూడా మళ్లీ మార్చాల్సిన పని లేకుండా ఉన్నాయి. కీలులో ఒక సగం మాత్రమే మార్చిన మోకాళ్లలో ఆ సంఖ్య 70. వయసును బట్టి లెక్క మారుతుంది. బ్రిటన్ వివరాలతో 2017లో వచ్చిన మరో అధ్యయనంలో, 70 దాటాక చేయించుకున్నవారికి బతికినంత కాలంలో రెండో ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 5 శాతం దగ్గర ఉంటే, యాభై దాటీ దాటని మగవారికి 35 శాతం దాకా ఉంది. వాళ్లకు ముందున్న ఏళ్లూ ఎక్కువ, ఆ కాలు మీద పడే పనీ ఎక్కువ.

అయితే ఈ లెక్కల్లో ఒక మెలిక ఉంది. రిజిస్ట్రీ లెక్కపెట్టేది మళ్లీ కోశారా లేదా అన్నదే. నొప్పి పోక, కాలు సరిగ్గా చాచలేక, ఇంకోసారి ఆపరేషన్ అంటే భయపడి ఇంట్లో కూర్చున్నవారి మోకాలు కూడా అక్కడ "నిలిచిన" మోకాలే.

ఇంప్లాంట్, అంటే లోపల పెట్టిన కృత్రిమ కీలు, నిలవడం సంగతి చూస్తే, కథ తుంటి దగ్గర మొదలైంది. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో సర్జన్ జాన్ చార్న్‌లీ మొదట టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ గిన్నెలతో తుంటి కీళ్లు మార్చాడు. జారడంలో టెఫ్లాన్‌ను మించింది లేదు, కానీ రెండు మూడేళ్లకే అరిగిపోయింది. 1962లో ఆయన చాలా గట్టి రకం పాలిథిలిన్‌కు మారాడు. ఒంట్లో ఎలా ఉంటుందో చూడటానికి ఆ ముక్కల్ని తన తొడలోనే పెట్టించుకున్న మనిషి ఆయన! నేటి మోకాలిలో ఉన్నదీ అదే జాతి ప్లాస్టిక్. అదీ అరుగుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. రాలిన సన్నటి పొడిని ఒంట్లోని రక్షణ కణాలు మింగుతాయి, అరిగించుకోలేవు. అవి విడుదల చేసే రసాయనాలు పక్కనున్న ఎముకను కరిగించే కణాలను రేపుతాయి. అంటే కీలును వదులు చేసేది అరుగుదల ఒక్కటే కాదు, ఆ పొడికి మన ఒళ్లు ఇచ్చే జవాబు కూడా.

లోహాన్ని ఎముకకు పట్టించే సిమెంటు గురించి కూడా ఓ అపోహ ఉంది. అది జిగురు కాదు. బాత్‌రూం టైల్స్ సందుల్లో పోసే గ్రౌటింగ్ లాంటిది. ఒక ప్యాకెట్‌లో సుమారు 40 గ్రాముల పొడి, 20 మిల్లీలీటర్ల ద్రవం ఉంటాయి. కలిపితే ముద్దవుతుంది, వేడెక్కుతుంది, పది పదిహేను నిమిషాల్లో రాయిలా గట్టిపడుతుంది. కోసిన ఎముక స్పాంజిలా రంధ్రాలతో ఉంటుంది. ముద్ద ఆ రంధ్రాల్లోకి మూడు నాలుగు మిల్లీమీటర్లు చొరబడి బిగుసుకుంటేనే పట్టు. రంధ్రాల్లో నెత్తురూ కొవ్వూ నిండి ఉంటే లోపలికి వెళ్లదు. అందుకే సిమెంటు పెట్టేముందు ఎముకను నీటి ధారతో కడిగి ఆరబెడతారు. ఆ రెండు నిమిషాల పని సరిగ్గా చేయకపోతే పదేళ్ల తర్వాత ఎక్స్-రేలో ఎముకకూ సిమెంటుకూ మధ్య, పట్టు సడలిందని చెప్పే నల్లగీత కనిపించవచ్చు.

సరే, అదంతా సర్జన్ చేతిలో ఉంది. ఇంట్లో జరిగేది వేరే. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "ఎంత వంగుతోంది?" అని అడుగుతారు. "పూర్తిగా చాచగలుగుతున్నారా?" అని అడిగేవాళ్లు కనపడరు. నిజానికి మొదట అడగాల్సింది అదే. మోకాలు తిన్నగా ఉన్నప్పుడు నిలబడితే శరీర బరువు కీలుకు కాస్త ముందు నుంచి దిగుతుంది, తొడ కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. పది డిగ్రీల వంపు మిగిలిపోయిందంటే నిలబడిన ప్రతి క్షణం ఆ కండరం బిగబట్టుకుని ఉండాలి. ఆ కాలు పొట్టిదైనట్టే లెక్క, నడకలో కుంటు వస్తుంది, నడుం లాగుతుంది, రెండో మోకాలి మీద భారం పడుతుంది. నాలుగడుగులకే అలసిపోయి "ఆపరేషన్ ఫెయిలైంది" అనుకునేవారిలో ఇలాంటివారు ఉంటారు.

ఈ వంపు మిగలడానికి ఇంట్లో దొరికే కారణం ఒకటుంది, తలగడ. వాచిన మోకాలిని కొంచెం వంచి పెడితే లోపల చోటు పెరిగి హాయిగా ఉంటుంది. అందుకని ఎవరో ఒకరు ప్రేమగా మోకాలి కింద దిండు పెడతారు. రెండు మూడు వారాలు అలా పడుకుంటే కీలు వెనకున్న పొర ఆ వంపులోనే బిగుసుకుంటుంది. దిండు మోకాలి కింద వద్దు. తువ్వాలు చుట్టగా చుట్టి మడమ కింద పెట్టాలి, పిక్కా మోకాలూ మంచానికి ఆనకుండా గాల్లో ఉండాలి. అలా పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు. ఆ స్థితిలోనే మోకాలి వెనక భాగాన్ని కిందికి అదిమి, అయిదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు. సరిపోయిందో లేదో చూసుకోవడం తేలిక. గట్టి మంచం మీద వెల్లకిలా పడుకుని తువ్వాలు తీసేసి మోకాలి కింద అరచెయ్యి దూర్చి చూడండి. చెయ్యి అటు నుంచి ఇటు సులువుగా వచ్చేస్తుంటే ఇంకా పని మిగిలి ఉంది. మొదటి ఆరు వారాల్లో సాగినంత తర్వాత సాగదు, లోపల మచ్చ గట్టిపడిపోతుంది.

ఇక వంగడం సంగతి. చదును నేల మీద నడవడానికి 70 డిగ్రీల లోపే చాలు. మెట్లకు 85 నుంచి 100 కావాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడానికి సుమారు 105. బాసింపట్టు వేసుకోవాలన్నా, గొంతుక్కూర్చోవాలన్నా 130 దాటాలి. ఆపరేషన్ తర్వాత ఎక్కువమందికి వచ్చేది 110 నుంచి 120. పూజ దగ్గర పీట మీదా, పెళ్లి పంక్తిలో నేల మీదా కూర్చోవాలని ఆశపడేవారికి ఈ సంఖ్యలు ముందే చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదో, తర్వాత ఎంత వంగుతుందో చెప్పడానికి అదే అన్నింటికన్నా నమ్మదగిన కొలత. ఎక్కువ వంగుతాయంటూ "హైఫ్లెక్స్" పేరుతో అమ్మే ఇంప్లాంట్లను మామూలు వాటితో పోల్చిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు పరిమితి పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం సెట్టుకు 54,720 రూపాయలు, హైఫ్లెక్స్‌కు 56,490 నిర్ణయించింది, జీఎస్టీ అదనం. ఆ ధరల వ్యత్యాసం చూసినా ఎంత హడావుడి అనవసరమో తెలుస్తుంది.

ఆరు వారాలు దాటినా 90 డిగ్రీలు రాకపోతే ఆలస్యం చేయకూడదు. మత్తిచ్చి సర్జనే వంచి లోపలి అతుకుల్ని విడదీస్తారు. మూడు నెలలు దాటాక దీని ఫలితం తగ్గుతుంది, ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుంది.

అన్నింటికన్నా భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కు. నూటికి ఒకరిద్దరికే వస్తుంది, కానీ వస్తే మహా మొండిది. లోహం మీద చేరిన సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగట పొర కట్టుకుంటాయి, మందు లోపలికి చేరదు. మొదటి కొద్ది వారాల్లో పట్టుకుంటే మోకాలు తెరిచి కడిగి ప్లాస్టిక్ దిమ్మ మార్చి కాపాడుకోవచ్చు. ముదిరితే అంతా తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, తర్వాత కొత్త కీలు పెట్టాలి. అంటే రెండు పెద్ద ఆపరేషన్లు. షుగర్ ఉన్నవారికి మూణ్నెల్ల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 7.5-8 మించితే ముందు దాన్ని దించాలని చాలామంది సర్జన్లు పట్టుబట్టేది ఇందుకే. పుచ్చిన పళ్లు, మూత్రంలో చీము, పుండు పడ్డ పాదం, లోతుగా పగిలిన మడమలు ముందే నయం చేసుకోవాలి. ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర వారం దాటినా చెమ్మ కారుతుంటే మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకోవడం పెద్ద పొరపాటు. కీలులోంచి ద్రవం తీసి పరీక్షకు పంపకముందే మాత్రలు మింగితే ఏ క్రిమి ఉందో పరీక్షలో దొరకదు, లోపల జబ్బు మాత్రం ఉండిపోతుంది.

ఇవేవీ లేకున్నా తృప్తి చెందనివారు ఉంటారు. వేర్వేరు దేశాల సర్వేల్లో వారు దాదాపు అయిదుగురిలో ఒకరు. ఎక్స్-రేలో అరుగుదల కొంచెమే ఉండగా తొందరపడి చేయించుకున్నవారు వీరిలో ఎక్కువ. నొప్పి నడుం నరం నుంచో, అరిగిన తుంటి నుంచో మోకాలికి వస్తుంటే, మోకాలు మార్చినా అది పోదు. దొడ్డికాళ్లు పడి, ఎముకకు ఎముక రాసుకుంటున్నవారికి దక్కే ఉపశమనం స్పష్టంగా తెలుస్తుంది.

కొన్ని వాటికి బెంగపడక్కర్లేదు. మచ్చకు బయటి వైపు చర్మం మొద్దుబారడం, కోతలో ఒక చిన్న నరం తెగడం వల్ల. నడిచేటప్పుడు టక్కుమనే చప్పుడు లోహం ప్లాస్టిక్‌కు తగలడం. మోకాలి వెచ్చదనం కొన్ని నెలలుంటుంది. పిక్క వాచి నొప్పి పుడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కాలి రక్తనాళంలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు.

నెల తిరిగేసరికి తొడ ముందు కండరం బలం ఆపరేషన్ ముందున్న దాంట్లో సుమారు సగానికి పడిపోతుంది. కాబట్టి మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. రెండింటిలోనూ శరీరాన్ని మోసేది బలమున్న కాలే అవుతుంది. కర్ర ఆపరేషన్ అయిన కాలి వైపు చేతిలో కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి.