శరణార్థి శిబిరాల పిల్లలకు పాలపొడి పంపవచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ రోహింగ్యా శిబిరాల్లో పిల్లల పోషకాహార నర్సుగా పనిచేసి తిరుపతికి తిరిగి వచ్చినప్పటి నుంచి, ఆ పిల్లలకు ఏదైనా పంపాలని ఉందని చెప్పేవారు నాకు తరచుగా ఎదురవుతుంటారు. వారిలో ఎక్కువమంది మొదట తలచేది పాలపొడి డబ్బాలనే.

అపోహ: కష్టాల్లో ఉన్న తల్లికి పాలు ఎండిపోతాయి కనుక డబ్బా పాలే మేలు.

వాస్తవం: భయం, అలసటల వల్ల పాలు చేపడం కొంత ఆలస్యం కావచ్చు గాని, బిడ్డ చీకుతున్నంత కాలం అవి ఊరుతూనే ఉంటాయి. ఆ తల్లికి కావలసింది కడుపునిండా తిండి, తాగునీరు, కూర్చుని పాలివ్వడానికి కాస్త చాటు. శిబిరంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అందాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. తాగడం, వంట, స్నానం అన్నీ అందులోనే జరగాలి. ఆ నీటితోనే సీసా కడిగి, కట్టెలు దొరికితే మరిగించి, పొడి కలపాలి. అది సరిగా కుదరనప్పుడు బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. చీకడం తగ్గేకొద్దీ తల్లి పాలు నిజంగానే తగ్గిపోతాయి. అందుకే ఇటువంటి చోట్ల పాలపొడి విరాళాలను అడగవద్దని, స్వీకరించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతాయి. తల్లి లేని బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డకు ఆరోగ్య సిబ్బంది పర్యవేక్షణలో డబ్బా పాలు ఇవ్వక తప్పదు.

అపోహ: బొద్దుగా కనిపించే బిడ్డకు పోషణ లోపం ఉండదు.

వాస్తవం: రెండు పాదాల మీద బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి తీసినప్పుడు సొట్ట అలాగే నిలిచిపోతే, అది కండ కాదు, నీరు. జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తగ్గితే తీవ్ర లోపమని లెక్క; పాదాల్లో ఇలా నీరు చేరితే, కొలత అంతకు తగ్గకపోయినా అది తీవ్ర లోపమే. లోపం తీవ్రంగా ఉన్నా, ఆకలి ఉండి, వాపు పెద్దగా లేక, ఇతర జబ్బులు లేని పిల్లలకు ఇంటి వద్దే తినిపించే 92 గ్రాముల చెనక్కాయ ముద్ద పొట్లాలు ఇస్తారు. ఒక్కొక్కదానిలో 500 కిలోకేలరీలు ఉంటాయి. చిత్తూరు జిల్లాలో చెనక్కాయల చేల మధ్య పెరిగిన నాకు, పొట్లం మూల చించగానే వచ్చే ఆ వాసన కొత్తది కాదు. అందులోనూ పాలపొడి ఉంటుంది, కాని నీరు కలపనక్కర లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

అపోహ: తట్టు పిల్లలందరికీ వచ్చి పోయేదే.

వాస్తవం: రోగి వెళ్లిపోయాక కూడా దాని వైరస్ రెండు గంటల వరకు గాలిలో నిలవగలదు. కిక్కిరిసిన గుడిసెల్లో, ఒంట్లో శక్తి లేని పిల్లలకు అది ప్రాణాంతకం. అందుకే ఇక్కడ తొమ్మిది నెలలు నిండాక వేసే టీకాను అక్కడ ఆరు నెలలు నిండగానే వేసి, తొమ్మిది నెలలకు మళ్లీ వేస్తారు.

కాబట్టి ఏమి పంపాలని అడిగేవారికి, డబ్బాలు కాకుండా, అక్కడ పనిచేస్తున్న సంస్థకు డబ్బే పంపమని చెబుతాను. ఆ వారం సబ్బు తక్కువైందో, ఓఆర్ఎస్ తక్కువైందో వారికే తెలుస్తుంది.