పాలు చాలట్లేదని తేల్చేసే ముందు: తల్లిపాలపై అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి వచ్చే బాలింతల్లో ఎక్కువమంది సరిగ్గా కూర్చోకముందే అనే మాట ఒకటే: "నాకు పాలు చాలట్లేదండీ." ఎలా తెలిసిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. బిడ్డ ఏడుస్తోంది. రొమ్ములు మెత్తబడిపోయాయి. పంపు పెడితే సీసా అడుగు కూడా తడవలేదు. చూసినవాళ్లందరూ అదే అంటున్నారు.

నేను తల్లిపాల కౌన్సెలర్‌ని. అప్పుడు నేనేమీ చెప్పను. బిడ్డకు పాలు పట్టమని, మొదటినుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూస్తాను. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మిగతా సగం డైపర్‌లోనూ తూకంలోనూ ఉంటుంది. ఇక్కడ రాస్తున్న అపోహల్లో చాలావరకు, చూడకుండా సలహా ఇచ్చేవాళ్ల వల్ల పుట్టినవే.

అపోహ: మొదటి రెండు మూడు రోజులు పాలుండవు, అందాకా ఏదో ఒకటి పట్టాలి

ఉంటాయి. ముర్రుపాలు కడుపుతో ఉన్నప్పుడే, మధ్య నెలల్లోనే తయారవడం మొదలవుతుంది. చిక్కగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి కాబట్టి కంటికి ఆనవు, అంతే. మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది 2 నుంచి 10 మి.లీ. మాత్రమే. రెండు చెంచాలు దాటదు.

కాన్పులో మాయ బయటపడగానే తల్లి ఒంట్లో ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. పాలు పొంగడానికి అదే సంకేతం. సాధారణంగా రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య రొమ్ములు బరువెక్కుతాయి. సిజేరియన్ అయినా, కాన్పులో రక్తం ఎక్కువ పోయినా, తల్లికి షుగర్ ఉన్నా కాస్త ఆలస్యం కావచ్చు. మాయ ముక్క లోపల మిగిలిపోయినా పాలు పొంగవు. ఐదు రోజులైనా ఏ మార్పూ లేకపోతే, పైగా రక్తస్రావం తగ్గకపోతే, డాక్టర్‌కి ఆ రెండు విషయాలూ కలిపి చెప్పండి.

కాన్పైన గంటలోపే బిడ్డను రొమ్ముకు పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెప్తాయి. మంచి మాటే. కానీ ఆపరేషన్ వల్లో, బిడ్డ ఐసీయూలో ఉండటం వల్లో ఆ గంట దాటిపోయిన తల్లులు కూడా తర్వాత చక్కగా పాలిస్తున్నారు. నేను రోజూ చూస్తున్నాను.

అపోహ: గంటగంటకీ తాగుతోందంటే, ఏడుస్తోందంటే పాలు చాలట్లేదన్నమాటే

నన్నడిగితే తల్లిపాలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

పసిబిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం మామూలు. అదీ గడియారం పెట్టినట్టు సమానంగా తాగదు. చాలామంది బిడ్డలు సాయంత్రమయ్యేసరికి వదలకుండా తాగుతూనే ఉంటారు. ఇక ఏడుపంటారా, అది మొదటి వారాల్లో పెరుగుతూ పోయి, సుమారు ఆరో వారంలో తారస్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుతుంది. పోతపాలు తాగే పిల్లల్లోనూ ఇంతే. సరిగ్గా ఇదే సమయానికి తల్లి రొమ్ముల్లో మొదటి బిగువు తగ్గి మెత్తబడతాయి. పాలు తగ్గలేదు, వాపు తగ్గింది. కానీ ఒకవైపు బిడ్డ ఏడుపు, ఇంకోవైపు మెత్తబడ్డ రొమ్ములు... తల్లి నమ్మకం పోవడానికి ఇంకేం కావాలి?

అప్పుడు ఎవరో ఒకరు "ఒక సీసా డబ్బా పాలు పట్టి చూడు" అంటారు. పట్టగానే బిడ్డ మూడు గంటలు నిద్రపోతుంది. "చూశావా, ఆకలే!" అంటారు. ఆ మూడు గంటలూ రొమ్ములో పాలు అలాగే నిలిచి ఉంటాయి. నిండిన రొమ్ము ఉత్పత్తి తగ్గించుకుంటుంది, ఖాళీ అయ్యే రొమ్ము పెంచుకుంటుంది. రోజూ రెండు మూడు సీసాలు ఇలా పడి, ఆ వేళల్లో పాలు పిండకపోతే, లేని కొరత కొన్ని రోజుల్లో నిజంగానే వస్తుంది.

మరి పాలు అందుతున్నాయని ఎలా తెలుస్తుంది? డైపర్ చూడండి. మొదటి రోజుల్లో నల్లగా, తారులా ఉండే విరేచనం నాలుగైదు రోజులకల్లా పసుపు రంగులోకి మారాలి. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు ఉచ్చపోయాలి, మొదటి నెలలో మూడు నాలుగుసార్లు విరేచనం కావాలి. ఇప్పటి డైపర్లు తడిసిందీ లేనిదీ తెలియనివ్వవు. పొడి డైపర్ ఒకటి తీసుకుని మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి చేత్తో పట్టుకుని చూడండి. ఆ బరువు చేతికి గుర్తుంటుంది. ఆరు వారాలు దాటాక కొందరు బిడ్డలు కొన్ని రోజులపాటు విరేచనానికి వెళ్లరు. బరువు పెరుగుతూ, హుషారుగా ఉంటే దానికి కంగారు అక్కర్లేదు.

తర్వాత తూకం. పుట్టిన మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం సహజం. 7 శాతం దాటితే పాలు పట్టే తీరును దగ్గరుండి చూడాలి, 10 శాతానికి చేరితే అదే రోజు డాక్టర్ చూడాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. అక్కడినుంచి మొదటి మూడు నెలలూ రోజుకు సగటున 20-30 గ్రాములు పెరుగుతుంది. రోజూ తూచి బుర్ర పాడుచేసుకోకండి, వారానికోసారి ఒకే తూకం మీద చూసుకుంటే చాలు.

బిడ్డ లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఆరు గంటలకు పైగా ఉచ్చపోయకపోయినా, పచ్చకామెర్లు ముదురుతున్నా, మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా ఎక్కువ జ్వరం ఉన్నా ఈ పోస్టు చదువుతూ కూర్చోకండి. ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: పంపులో ఎన్ని వస్తే నా దగ్గర అన్నే పాలున్నట్టు

ఐదు వారాల బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. రెండు వైపులా అరగంట పంపు చేస్తే 20 మి.లీ. వచ్చాయట. ఆ సీసాను సంచిలో పెట్టుకుని మరీ తెచ్చింది, సాక్ష్యం చూపిస్తున్నట్టు. బిడ్డను బట్టలతో, డైపర్‌తో తూచాం: 4,210 గ్రాములు. పాలు పట్టింది. మొదట చకచకా చప్పరించింది, నిమిషం తర్వాత చేపు వచ్చింది, అంటే పాలు ధారగా దిగడం మొదలైంది. దవడ కిందికి దిగడం, నోరు బాగా తెరుచుకున్న చోట గడ్డం ఒక్క క్షణం ఆగడం, మళ్లీ మూసుకోవడం. ఆ ఆగడమే గుటక. ఆగిన కొద్దీ నోట్లో పాలు ఎక్కువ పడుతున్నట్టు. పావుగంటయ్యాక అవే బట్టలతో, అదే డైపర్‌తో మళ్లీ తూచాం: 4,274. ఆ తల్లి తూకం వైపు చూసింది, సీసా వైపు చూసింది, ఏడ్చేసింది.

పంపు యంత్రం. దానికి చేపు తెప్పించడం బిడ్డకు వచ్చినంతగా రాదు. పైగా ఆమె వాడుతున్న గరాటు చనుమొనకు మరీ పెద్దది. సైజు మార్చాక పంపులోనూ పాలు పెరిగాయి.

చేపు గురించి ఒక మాట. కొందరు తల్లులకు చేపు వచ్చే ముందు ఉన్నట్టుండి గుండెలో దిగులు కమ్ముతుంది, ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే పోతుంది. అది శరీరంలో రసాయనాల మార్పు, బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదు. అయితే దిగులు రోజంతా ఉండి, రెండు వారాలైనా వదలకపోతే వేరే విషయం. దానికి డాక్టర్ సాయం కావాలి. బిడ్డకో తనకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

అపోహ: నొప్పి మామూలే, ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది

మొదటి వారంలో బిడ్డ పట్టిన తొలి అరనిమిషం చురుక్కుమనొచ్చు. ఆ తర్వాతా పళ్లు బిగబట్టాల్సి వస్తోందంటే, పగుళ్లు, రక్తం కనిపిస్తున్నాయంటే అది మామూలు కాదు. బిడ్డ వదిలాక చనుమొన ఆకారం చూడండి. గుండ్రంగా ఉంటే మంచిది. ఏటవాలుగా, కొత్త లిప్‌స్టిక్ కొనలా నొక్కుకుపోయి ఉంటే బిడ్డ పైపైనే పట్టిందన్నమాట. అప్పుడు తల్లికి నొప్పి, బిడ్డకు పాలు తక్కువ, రెండూ ఒకేసారి.

బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి, పొట్ట మీ పొట్టకు ఆనాలి. ఆవులించినంతగా నోరు తెరిచినప్పుడు భుజాల దగ్గర పట్టి చటుక్కున దగ్గరికి తీసుకోండి. గడ్డం ముందు తాకాలి. ముదురు రంగు వలయం పైవైపు కన్నా కిందవైపు ఎక్కువగా నోట్లోకి వెళ్లాలి. తల వెనక చెయ్యిపెట్టి నొక్కితే బిడ్డ మెడ వెనక్కి విరుచుకుంటుంది. ఆసుపత్రుల్లో ఇలా నొక్కేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సరిగ్గా పట్టకపోతే శుభ్రమైన చిటికెన వేలు పెదవి మూల పెట్టి విడిపించి, మళ్లీ మొదలుపెట్టండి. ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే బిడ్డ నాలుక కింది పొర బిగుసుకుని ఉందేమో చూపించాలి. చూపించకుండానే కత్తిరించాలని తేల్చేసేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

అపోహ: రొమ్ము చిన్నదైతే పాలు తక్కువ

సైజును నిర్ణయించేది ఎక్కువగా కొవ్వు. పాలు చేసేది గ్రంథులు.

అపోహ: వేడికి బిడ్డకు నీళ్లు కూడా పట్టాలి

తల్లిపాలలో సుమారు 87 శాతం నీళ్లే. ఆరు నెలల వరకు ఇంకేమీ అక్కర్లేదు. విటమిన్ డి చుక్కలు మాత్రం వేరే సంగతి. తల్లిపాలలో అది తక్కువ కాబట్టి రోజుకు 400 ఐయూ వేయమని పిల్లల డాక్టర్లు రాస్తారు.

అపోహ: రొమ్ములో గడ్డ కడితే గట్టిగా పిసికి పాలు తీసేయాలి, జ్వరమొస్తే పాలు మాన్పించాలి

ఒకప్పుడు మా వృత్తిలోనివాళ్లమే మర్దనా చేయమని చెప్పేవాళ్లం, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ సలహా మారింది. ఆ గడ్డ చాలావరకు వాపు. గట్టిగా పిసికితే లోపలి కణజాలం దెబ్బతిని వాపు ఇంకా పెరుగుతుంది. బిడ్డకు ఎప్పటిలాగే పట్టండి, అదనంగా పంపు చేసి ఖాళీ చేయాలని చూడకండి. చల్లటి కాపడం పెట్టండి, డాక్టర్ చెప్పిన ఐబుప్రోఫెన్ లాంటి మందు వేసుకోండి. ఒక రోజులో సలపరం, జ్వరం తగ్గకపోతే యాంటీబయాటిక్ కావాలేమో డాక్టర్ చూడాలి. ఈలోపు పాలు బిడ్డకు హాని చేయవు. ఒక్కసారిగా మాన్పిస్తేనే చీముగడ్డ ప్రమాదం ఎక్కువ.

మందుల సంగతీ ఇంతే. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, మామూలుగా రాసే యాంటీబయాటిక్స్‌లో చాలావరకు పాలిచ్చే తల్లులు వాడొచ్చు. క్యాన్సర్ మందులు, రేడియోధార్మిక అయోడిన్ లాంటి వాటికి మాత్రం ఆపాల్సిందే. "మందు వేసుకుంటున్నావు, పాలు ఆపేయ్" అని డాక్టర్ అంటే, ల్యాక్ట్‌మెడ్‌లో ఒకసారి చూడమని మర్యాదగా అడగండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నడిపే ఉచిత సమాచార నిధి అది, ఎవరైనా చూడొచ్చు.

అపోహ: ప్రయత్నిస్తే ప్రతి తల్లికీ పాలు పుష్కలంగా వస్తాయి

ఇది మావైపు నుంచి వచ్చిన అపోహ. థైరాయిడ్ సమస్య, గతంలో రొమ్ముకు జరిగిన ఆపరేషన్, పాలగ్రంథులు సరిగ్గా ఎదగకపోవడం వంటి కారణాలతో కొందరికి నిజంగానే పాలు చాలవు. వాళ్లకు "ఇంకా ప్రయత్నించు" అని చెప్పడం క్రూరత్వం. బిడ్డ కడుపు నిండాలి, అది మొదటి సంగతి. పిండిన పాలు గానీ, మిల్క్ బ్యాంకు పాలు గానీ, డబ్బా పాలు గానీ కావలసినంత పట్టి, రొమ్ము దగ్గర వచ్చినంత రానివ్వాలి. రోజుకు వంద మి.లీ. వచ్చినా అవి తల్లిపాలే.

అపోహ: ఇది సహజమైన పని, ఒకరు నేర్పేదేముంది

నడక కూడా సహజమే, పడకుండా ఎవరూ నేర్చుకోలేదు. 1956లో అమెరికాలో ఏడుగురు తల్లులు కలిసి లా లెచే లీగ్ మొదలుపెట్టింది, ఒకరికొకరు చెప్పుకుంటే తప్ప ఈ విద్య నిలవదని తెలిసే. 1985 నుంచి తల్లిపాల కన్సల్టెంట్లకు ఐబీసీఎల్‌సీ అనే అర్హత ఇచ్చే అంతర్జాతీయ పరీక్ష ఉంది, ఆ అర్హతను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 1989లో యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఆసుపత్రుల కోసం తెచ్చిన పది సూత్రాల్లో చివరిది, ఇంటికెళ్లాక తల్లికి సాయం ఎక్కడ దొరుకుతుందో చూపించడం. తరచుగా గాలికి వదిలేసేదీ అదే.

సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మంచి సాయం అని కాదు, లేనంత మాత్రాన చెడ్డదీ కాదు. పాలిచ్చిన అనుభవమున్న తోటి తల్లి చాలా సందేహాలు తీర్చగలదు. బరువు పెరగకపోవడం, మానని పగుళ్లు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ... ఇలాంటివాటికి శిక్షణ ఉన్నవాళ్లు కావాలి. రాగానే రొమ్ము మీద చెయ్యి వేయకుండా ముందు అడిగేవాళ్లు, బిడ్డ సంగతితో పాటు "మీరు ఎంతసేపు నిద్రపోయారు?" అని కూడా అడిగేవాళ్లు, తమకు తెలియనిది డాక్టర్‌కి పంపేవాళ్లు అయితే వదలకండి. పాలపొడి కంపెనీ పేరున్న కరపత్రం చేతిలో పెట్టేవాళ్లతో జాగ్రత్త. తల్లులకు ఆ ప్రచారం చేయకూడదని 1981లోనే ప్రపంచ ఆరోగ్య సభ నియమావళి పెట్టింది. మొదటి పది నిమిషాల్లోనే ఏదో పొడో మాత్రో అమ్మబోయేవాళ్లూ అంతే.

ఫోన్ చేసినప్పుడు ఫీజు కన్నా ముందు ఒక ప్రశ్న అడగండి: "నేను పాలు పడుతుంటే మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూస్తారా?" అంత టైమ్ ఉండదు, ఫోన్‌లోనే చెప్పేస్తాం అంటే ఇంకో నంబర్ వెతుక్కోండి.