బరువు తగ్గేదాకా ఆగమన్న వైద్యం: బ్రిటన్ అనోరెక్సియా వివాదం వెనుక ఏముంది?

లావవుతామన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే మానసిక జబ్బు అనోరెక్సియా. ఆ రోగులను బరువు చాలినంత తగ్గలేదని చికిత్స ఇవ్వకుండా పంపేశారన్న ఫిర్యాదు బ్రిటన్‌లో మళ్లీ రేగింది. హోప్ వర్గో అనే యువతి 2018లో ఉద్యమం మొదలుపెట్టింది దీని మీదే. అయితే అంతకు ఏడాది ముందే, 2017 మేలో, చికిత్సా ప్రమాణాలు రాసే నైస్ సంస్థ ఈ సంగతి తేల్చేసింది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) ఒక్కటే చూసి ఈటింగ్ డిజార్డర్ (అనోరెక్సియా లాంటి తిండి రుగ్మత) చికిత్స ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయించవద్దని రాసింది. కాగితం మీద తేలిన విషయం ఆస్పత్రి గుమ్మం దగ్గర ఎందుకు తేలలేదో అర్థం కావాలంటే 2012కు వెళ్లాలి.

ఆ ఏడాది ఆగస్టులో కేంబ్రిడ్జిలోని ప్రత్యేక వార్డు నుంచి 19 ఏళ్ల అమ్మాయి డిశ్చార్జి అయింది. అనోరెక్సియా. వెంటనే నారిచ్‌లో యూనివర్సిటీలో చేరింది. కొత్త ఊరు, కొత్త జీపీ (స్థానిక ఫ్యామిలీ డాక్టరు), కొత్త క్లినిక్. మన పిల్లలు వేల మంది ఇప్పుడు ఇలాగే చదువులకు కొత్త ఊళ్లకు వెళ్తున్నారు. బరువు, రక్తపరీక్షలు వదలకుండా చూడాల్సిన చోట ఖాళీలు పడ్డాయి. తండ్రి వచ్చి చూసి భయపడి క్లినిక్‌ను హెచ్చరించారు. డిసెంబరు 7న ఆమె తన గదిలో కుప్పకూలి కనిపించింది. నారిచ్ ఆస్పత్రిలో ఆ వారాంతం ఈటింగ్ డిజార్డర్ తెలిసిన డాక్టరు చూడలేదు. కేంబ్రిడ్జికి మార్చాక రాత్రి రక్తంలో చక్కెర పడిపోయినా సరైన చికిత్స అందలేదు. 15న చనిపోయింది.

కుటుంబం ఏళ్ల తరబడి పోరాడితే 2017 డిసెంబరులో అంబుడ్స్‌మన్ (ప్రభుత్వ సేవలపై ఫిర్యాదులు విచారించే అధికారి) నివేదిక వచ్చింది. ఆమెను చూసిన ప్రతి ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ) సంస్థా విఫలమైందని, ఆ ప్రాణం కాపాడగలిగేదేనని తేల్చింది. 2020 నవంబరులో కరోనర్ (మరణ కారణాలు విచారించే అధికారి) ఇంకో అడుగు ముందుకేసి, నిర్లక్ష్యం కూడా ఈ మరణానికి కారణమన్నారు. నా దృష్టిలో అసలు మలుపు అంబుడ్స్‌మన్ నివేదికే. అప్పటిదాకా దీన్ని మానసిక వైద్యుల వ్యవహారంగా వదిలేశారు. ఇది గుండె, రక్తంలోని పొటాషియం, ఫాస్ఫేట్ లవణాల వ్యవహారం కూడా అని నివేదిక బయటపెట్టింది. బ్రిటన్ వైద్య విద్యార్థులకు కోర్సు మొత్తంలో దీనిపై సగటున రెండు గంటల బోధన కూడా లేదని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

నిజానికి ప్రమాద సంకేతాలన్నీ 2010లోనే రెండు రాయల్ కాలేజీలు (వైద్యుల వృత్తి సంఘాలు) కలిసి తెచ్చిన, ప్రాణాపాయంలో ఉన్న అనోరెక్సియా రోగులను ఎలా చూడాలో చెప్పే మార్సిపాన్ మార్గదర్శకాల్లో ఉన్నాయి. రోగిని నేల మీద గొంతుక్కూర్చోబెట్టి, చేతులు ఆన్చకుండా లేవమంటారు. లేవలేకపోతే కండరాలు కరిగిపోయినట్టే, అప్పటికి రక్తపరీక్షలు మామూలుగా ఉన్నా సరే. బరువు తూచే రోజు కడుపునిండా నీళ్లు తాగి వచ్చేవాళ్లుంటారు, కాబట్టి తూకాన్నీ పూర్తిగా నమ్మలేం. తిండి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇంకో గండం. ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేట్‌ను కణాల్లోకి లాగేస్తుంది, గుండె లయ తప్పవచ్చు. ఆ భయంతో మరీ తక్కువ పెట్టి, ఆస్పత్రి మంచం మీదే ఇంకా చిక్కిపోనిచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

లావుగా ఉన్న మనిషి కొన్ని నెలల్లో సగం తిండి మానేసి చిక్కిపోతే బీఎంఐ ఇంకా మామూలుగానే కనిపిస్తుంది, గుండె మాత్రం నెమ్మదించిపోతుంది. అందుకే 2022లో అమల్లోకొచ్చిన ఐసీడీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) 11వ కూర్పు అనోరెక్సియాగా గుర్తించే పాత బీఎంఐ హద్దు 17.5ను 18.5కు పెంచింది. ఆరు నెలల్లో 20 శాతానికి మించి బరువు పోతే, బీఎంఐ ఆ హద్దుకు పైనే ఉన్నా అనోరెక్సియాగా గుర్తించవచ్చంది. అదే ఏడాది మార్సిపాన్ స్థానంలో మీడ్ మార్గదర్శకాలు వచ్చాయి. బీఎంఐతో పాటు నాడి, ఈసీజీ, ఎంత వేగంగా బరువు పోయిందన్నదీ కలిపి చూడమంటాయవి.

పడకలు తక్కువ, ముందు ఎవరిని చేర్చుకోవాలో ఏదో ఒక కొలమానం ఉండాలి కదా అని ఆస్పత్రుల వాళ్లంటారు. కొరత నిజమే. కానీ బరువును కొలమానం చేస్తే ఇంకా చిక్కితేనే పడక దొరుకుతుందని రోగికి చెప్పినట్టవుతుంది, ఆ జబ్బు కోరుకునేదీ అదే.

ఇక తేలనిది బాధ్యత సంగతి. ఆ అమ్మాయితో కలిపి తూర్పు ఇంగ్లండ్‌లో ఐదుగురు మహిళల మరణాలను విచారించిన కరోనర్ 2021 మార్చిలో అధికారులకు లేఖ రాశారు. ఇంటి దగ్గరుండే రోగుల బరువు, రక్తం, గుండె ఎవరు చూడాలో అధికారికంగా అప్పగించిన ఏర్పాటే లేదన్నది ఆయన ఆందోళన. జీపీలు తమకంత నైపుణ్యం లేదంటారు. ప్రత్యేక క్లినిక్‌లు తమకు నిధులివ్వలేదంటాయి. ఇప్పుడు రేగిన ఫిర్యాదుల్లోనూ కుటుంబాలు అడుగుతున్నది ఇదే: వచ్చే వారం రక్తపరీక్ష ఎవరు చేస్తారు?