‘ఒకసారి వస్తే మళ్ళీ రాదు’ అన్న ధీమాకు వెనుక కథ

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో వానలు తగ్గి జ్వరాలు మొదలయ్యే రోజుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: “మావాడికి పోయినేడే డెంగీ వచ్చిపోయింది, ఇంక రాదులెండి.” ఈ ధీమా ఊరికే పుట్టింది కాదు. దీని వెనుక కొన్ని తరాల అనుభవం ఉంది. అయితే ఆ అనుభవం వేరే జబ్బుది.

అది అమ్మవారిది, అంటే మశూచిది. ఒకసారి అమ్మవారు పోసి బతికి బయటపడ్డ మనిషికి మళ్ళీ పోయదని మన పెద్దలకు వైద్యశాస్త్రం చెప్పక ముందే తెలుసు. గుమ్మానికి వేపమండలు కట్టి, రోగిని విడిగా చాప మీద పడుకోబెట్టి, దురద పెట్టినచోట గోళ్ళు తగలకుండా వేపరెమ్మతో నిమిరి, అమ్మవారు దిగాక వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోసేదాకా దగ్గర ఉండి సేవ చేసే పని, మొహాన పాత మచ్చలున్నవారికే అప్పగించేవారు. బరంపురంలో తెలుగు నేత కుటుంబాల ఆధ్వర్యంలో రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రకు కూడా మశూచి భయంతో ముడిపడిన నమ్మకాలున్నాయి. మశూచి మట్టుకు ఆ పరిశీలన సరైనదే. 1802లో బొంబాయిలో తొలి టీకా వేసిన నాటి నుంచి, 1975లో దేశంలో చివరి కేసు నమోదై, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి అంతరించిందని ప్రకటించేదాకా జరిగిన పోరాటమంతా ఆ పునాది మీదే నిలిచింది.

ఆ రక్షణ ఎన్నేళ్ళు నిలుస్తుందన్న ప్రశ్నకు లెక్కతో కూడిన తొలి జవాబు ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల నుంచి వచ్చింది. 1846లో అక్కడ తట్టు (మీజిల్స్) వ్యాపించి, 8 వేల లోపు జనాభాలో సుమారు 6 వేల మందికి సోకింది. విచారణకు వెళ్ళిన డెన్మార్క్ యువ వైద్యుడు పీటర్ పానుమ్ ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించగా, అంతకు 65 ఏళ్ళ ముందు, 1781లో తట్టు వచ్చిన వృద్ధుల్లో ఒక్కరికీ ఈసారి సోకలేదని తేలింది. ఆ నడుమ దీవులకు తట్టు రానేలేదు. అంటే వైరస్ మళ్ళీ మళ్ళీ తగిలి రక్షణను నిలబెట్టిందనడానికి వీల్లేదు. ఏ ప్రయోగశాలలోనూ చేయలేని పరీక్షను దీవుల ఒంటరితనమే చేసిపెట్టింది.

రక్షణ రక్తంలో ఎక్కడుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1890లో బేరింగ్, కితసాతో శాస్త్రవేత్తలు ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) విషాలను విరిచే గుణం రక్తరసిలో ఉంటుందని చూపాకే యాంటీబాడీ అన్న భావన రూపం దిద్దుకుంది. ఆ తర్వాత వాటిని కొలవడం మొదలైంది. 2007లో అమెరికాలో అమన్నా, స్లిఫ్కా బృందం 45 మంది నుంచి 26 ఏళ్ళ వరకు సేకరించి దాచిన నమూనాలను పరిశీలించి, యాంటీబాడీలు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టింది. ఆటలమ్మకు 50 ఏళ్ళు, గవదబిళ్ళలకు 500 ఏళ్ళకు పైగా, తట్టుకు 3 వేల ఏళ్ళకు పైగా అని తేలింది. మూడు వేల ఏళ్ళు ఎవరు బతుకుతారని నవ్వుకోవచ్చు. మనిషి జీవితకాలంలో ఆ తరుగుదల దాదాపు కనబడదని మాత్రమే ఆ అంకెకు అర్థం.

యాంటీబాడీల్లో ప్రధానమైన ఐజీజీ రక్తంలో సగానికి తగ్గడానికి మూడు వారాలు చాలు. మరి దశాబ్దాల నిలకడ ఎలా సాధ్యం? జబ్బు చేసినప్పుడు యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు పెద్ద సంఖ్యలో పుడతాయి. వాటిలో అధికభాగం, కోతలు అయ్యాక కూలీలు ఎవరి ఊరికి వారు వెళ్ళిపోయినట్టు, కొద్ది వారాల్లో కనుమరుగవుతాయి. కొన్ని మాత్రం ఎముక మూలుగలో చేరి ఏళ్ళ తరబడి యాంటీబాడీలను ఉత్పత్తి చేస్తూనే ఉంటాయని 1990ల చివర ఎలుకల మీద జరిగిన పరిశోధనలు చూపాయి. ఇవి కాక, పాత వైరస్‌ను గుర్తుంచుకుని అది మళ్ళీ వస్తే మేలుకొనే జ్ఞాపక కణాలు వేరుగా ఉంటాయి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలంలో పసివారిగా ఉండి తొంభై ఏళ్ళు దాటిన 32 మందిలో, ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఇంకా ఉన్నాయని 2008లో వెల్లడైంది.

అంత జ్ఞాపకం ఉన్నా ఫ్లూ మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది? వైరస్ రూపం మార్చుకోవడం ఒక కారణం, వేగం మరొకటి. తట్టు వైరస్ ఒంట్లో చేరాక రక్తంలో పాకి లక్షణాలు బయటపడడానికి పది రోజులకు పైగా పడుతుంది. ఆలోగా జ్ఞాపక కణాలు మేలుకొని పని ముగిస్తాయి. ముక్కు, గొంతు పొరల్లోనే పెరిగి రెండు మూడు రోజుల్లో జలుబు తెప్పించే వైరస్‌లు ఆ వ్యవధి ఇవ్వవు. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు ఏడాది తిరిగేసరికి అదే మనిషికి మళ్ళీ సోకగలవని, పది మందిని 35 ఏళ్ళ పాటు గమనించిన నెదర్లాండ్స్ పరిశోధన 2020లో తేల్చింది.

ఈ తేడా బరంపురం ఉన్న గంజాం జిల్లాకు కోవిడ్ కాలంలో అనుభవంలోకి వచ్చింది. 2020 వేసవిలో సూరత్ మగ్గాల నుంచి వలస కార్మికులు వేల సంఖ్యలో తిరిగివచ్చాక జిల్లా రాష్ట్రంలోనే ఎక్కువగా దెబ్బతింది. ఆగస్టు నాటి సర్వేలో బరంపురం వాసుల్లో సుమారు 31 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అదే కాలంలో, లక్షణాలు లేనివారిలో 40 శాతం మందికి రెండు మూడు నెలల్లోనే యాంటీబాడీలు పరీక్షకు అందనంతగా తగ్గాయన్న చైనా అధ్యయనం పత్రికలకెక్కి, రక్షణ మూణ్ణెల్ల ముచ్చటేనన్న ప్రచారం సాగింది. అది తొందరపాటు. తొలి వారాల తరుగుదల సహజమని, తర్వాత ఆ గీత చదునవుతుందని, పదకొండు నెలల తర్వాత కూడా మూలుగలో యాంటీబాడీలు చేసే ప్లాస్మా కణాలున్నాయని 2021లో తేలింది. అటువైపు అతి ధీమా కూడా నిలవలేదు. 2021 జనవరిలో 56 శాతం మందిలో యాంటీబాడీలున్న ఢిల్లీని ఏప్రిల్‌లో డెల్టా అతలాకుతలం చేసింది. ఆ ఏడాది చివర వచ్చిన ఒమిక్రాన్ పాత యాంటీబాడీలను చాలావరకు తప్పించుకోగలిగినా, గతంలో జబ్బుపడ్డవారికీ టీకా తీసుకున్నవారికీ ప్రాణాపాయం తక్కువగానే ఉంది. సోకకుండా ఆపడం, ప్రాణం మీదికి రాకుండా ఆపడం రెండు వేర్వేరు రక్షణలు. వాటి ఆయుష్షు కూడా వేర్వేరు.

డెంగీ కథ వీటన్నిటికంటే చిక్కైనది. దీనికి నాలుగు రకాలున్నాయి. 1940లలో ఆల్బర్ట్ సేబిన్ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిపై చేసిన ప్రయోగాల్లో, వచ్చిన రకం నుంచి దీర్ఘకాల రక్షణ, మిగతా రకాల నుంచి రెండు మూడు నెలల రక్షణ మాత్రమే కనిపించాయి. ఆ తర్వాత జరిగేదే అసలు ప్రమాదం. మొదటిసారి సోకిన రకం మీద పుట్టిన యాంటీబాడీలు రెండోసారి వచ్చిన వేరే రకాన్ని పట్టుకుంటాయే గాని నిర్వీర్యం చేయలేవు. పైగా వైరస్ కణాల్లోకి దూరడానికి తామే దారి చూపుతాయి. 1977లో క్యూబాలో ఒకటో రకం వ్యాపించింది. 1981లో రెండో రకం వచ్చినప్పుడు 10 వేల మందికి పైగా తీవ్ర డెంగీ పాలై, 158 మంది చనిపోయారు. 1997లో అదే దేశంలోని సాంటియాగో నగరానికి రెండో రకం మళ్ళీ వచ్చినప్పుడు విషమించినవారు దాదాపు అందరూ ఇరవై ఏళ్ళ కిందట ఒకటో రకం సోకిన పెద్దలే. యాంటీబాడీలు అన్నాళ్ళు నిలవడమే వారికి ముప్పైంది.

ల్యాబ్ కాగితం చదివేటప్పుడు కూడా ఈ నేపథ్యం అక్కరకొస్తుంది. జబ్బు కొత్తలో పుట్టే యాంటీబాడీ అయిన డెంగీ ఐజీఎం సాధారణంగా అయిదో రోజుకల్లా కనిపించి రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. ఐజీజీ ఏళ్ళ తరబడి ఉంటుంది. కాబట్టి ‘ఐజీజీ పాజిటివ్’ అన్న వరుస ఒక్కటే ఉంటే అది ఎప్పటి డెంగీయో కావచ్చు, ఇప్పటి జ్వరానికి అదే కారణమని చెప్పలేం. ఇక రెండోసారి సోకినప్పుడు ఐజీఎం అంతంతమాత్రంగా ఉండి, ఐజీజీ మొదటి రోజుల్లోనే ఎగబాకుతుంది. అందుకే పోయినేడు డెంగీ వచ్చిందన్న సంగతి వైద్యుడికి ముందే చెప్పడం అవసరం. అది భరోసా కాదు, రోగచరిత్రలో ముఖ్యమైన వివరం.

టీకా తయారీ కూడా ఇక్కడే చిక్కుకుంది. ఫిలిప్పీన్స్‌లో 8 లక్షల మందికి పైగా పిల్లలకు డెంగ్వాక్సియా అనే డెంగీ టీకా వేశాక, అంతకు ముందు డెంగీ రానివారికి అది ముప్పు పెంచవచ్చని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. మన దేశంలో నాలుగు రకాలకూ కలిపి తయారైన డెంగీఆల్ టీకా మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలైంది. 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 10,335 మంది వయోజనులను తీసుకుని రెండేళ్ళ పాటు గమనించేలా దాన్ని రూపొందించారు. సాంటియాగోలో ముప్పు బయటపడడానికి ఇరవై ఏళ్ళు పట్టింది కనుక, రెండేళ్ళ ఫలితం బాగున్నా ఆ పదివేల మందిని అక్కడితో వదిలేయకుండా ఇంకా చాలాకాలం కనిపెట్టి ఉండాల్సి ఉంటుంది.