అద్దె పెంపు పరిమితి: అపోహలు - వాస్తవాలు

అద్దె తగాదాల్లో సలహా చెప్పడం నా పని. "ఈ ఏడు అద్దె ఎంత శాతం వరకు పెంచొచ్చు?" అని అందరూ అడుగుతారు. ఆ శాతం తాము ఉండే ఇంటికి వర్తిస్తుందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

అపోహ: అద్దె పెంపు పరిమితిగా అధికారులు తమకు తోచిన అంకె ప్రకటిస్తారు.

వాస్తవం: చాలాచోట్ల లెక్క చట్టంలోనే ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో జూన్ నుంచి మే వరకు వినియోగదారుల ధరలు సగటున ఎంత పెరిగాయో చూస్తారు. ఎంత పెరిగినా 2.5 శాతం దాటనివ్వరు. 2024కి లెక్క ప్రకారం 5.9 రావాలి, 2.5 దగ్గరే ఆపేశారు. కాలిఫోర్నియాలో 2020లో అమల్లోకి వచ్చిన చట్టం వేరు: ధరల పెరుగుదలకు 5 శాతం కలుపుతారు, మొత్తం 10 దాటకూడదు. ఇది విపరీతమైన పెంపును ఆపుతుందంతే. ఈ రెండింటినీ కలిపి 'రెంట్ కంట్రోల్' (అద్దె నియంత్రణ) అనేస్తారు, నాకు చిరాకు.

అపోహ: ప్రకటించినంత పెంచాల్సిందే.

వాస్తవం: అది గరిష్ఠం. పెంచకపోయినా అడిగేవారు లేరు. అయితే ఒంటారియోలో ఈ ఏడు వదిలేసింది వచ్చే ఏడు కలిపి రాబట్టుకోవడం కుదరదు. అందుకే మంచి యజమానులు కూడా ఏటా నోటీసు పంపేస్తుంటారు.

అపోహ: ఇళ్లన్నిటికీ ఒకటే రూలు.

వాస్తవం: కొత్త ఇళ్లను తరచూ మినహాయిస్తారు, కట్టేవాళ్లు వెనక్కి తగ్గకూడదని. కాలిఫోర్నియాలో కట్టి 15 ఏళ్లు దాటని ఇళ్లకు, ఒంటారియోలో 2018 నవంబరు 15 తర్వాత తొలిసారి జనం చేరిన ఇళ్లకు ఆ పరిమితి లేదు.

అపోహ: పాత అద్దెదారు ఖాళీ చేస్తే, కొత్తవాళ్లకూ పాత అద్దె మీదే శాతం లెక్క.

వాస్తవం: నా దగ్గరికొచ్చే టెన్షన్లలో సగం దీనివల్లే. పైన చెప్పిన రెండు చట్టాల్లోనూ పరిమితి ఇప్పటికే ఆ ఇంట్లో ఉంటున్న అద్దెదారుకే. ఖాళీ అయ్యాక యజమాని కొత్త అద్దె చెప్పుకోవచ్చు. పదేళ్లుగా ఉన్నవారి అద్దెకూ, పక్క వాటాలో నిన్న చేరినవారి అద్దెకూ పొంతన ఉండదు. ఆ తేడా పెరిగేకొద్దీ పాతవారిని ఖాళీ చేయించాలన్న ఆశ పుడుతుంది. అందుకే కాలిఫోర్నియా అదే చట్టంలో ఇంకో మెలిక పెట్టింది: ఏడాది నిండిన అద్దెదారుని పంపాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపాలి. ఆ మెలిక లేకపోతే శాతం ఎంత పెట్టినా కాగితం మీదే.