చీకటి మేఘంలో ట్యూబ్‌లైట్

బెంగళూరు నెహ్రూ ప్లానెటేరియంలో షో చూశాక మా అన్నయ్య కూతురు అడిగింది: "బాబాయ్, రేడియేషన్ అణువుల్ని విరగ్గొడుతుంది కదా, మరి అంతరిక్షంలో సేంద్రియ అణువుల్ని, అంటే కార్బన్‌తో కూడిన అణువుల్ని, అదెలా తయారు చేస్తుంది?" చాలా మంచి ప్రశ్న. రేడియేషన్ అంటే మనకు భయమే నేర్పారు. గ్రహణం రోజు ఏవో కిరణాలు పడతాయని ఊరగాయ జాడీ మీద దర్భ వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గ్రహణం వల్ల కొత్త కిరణాలేవీ పుట్టవని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

నక్షత్రాలు పుట్టే దట్టమైన వాయు, ధూళి మేఘాల్లో ఉష్ణోగ్రత సుమారు 10 కెల్విన్, అంటే మైనస్ 263 డిగ్రీలు. అక్కడి ధూళి రేణువుల మీద నీరు, మెథనాల్, అమోనియా మంచులా పేరుకుంటాయి. ఆ మంచులో బంధాలు తెంచాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. నక్షత్రాల వెలుగును ధూళి లోపలికి రానివ్వదు. మరి కాంతి ఎక్కడిది?

మేఘమే వెలుగుతుందని 1983లో ప్రసాద్, తారాఫ్‌దార్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. మన ట్యూబ్‌లైట్‌లో ఎలక్ట్రాన్లు పాదరసం ఆవిరిని ఢీకొంటే అతినీలలోహిత కాంతి పుడుతుంది. గొట్టం లోపలి తెల్ల పూత దాన్ని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది. మేఘంలో పాదరసం బదులు హైడ్రోజన్, కరెంటు బదులు కాస్మిక్ కిరణాలు. ఈ కిరణాల్లో దాదాపు కాంతి వేగంతో దూసుకొచ్చే ప్రోటాన్లు హైడ్రోజన్ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్లు పక్క అణువులను ఢీకొంటాయి, ఆ అణువులు అతినీలలోహిత ఫోటాన్లను వదులుతాయి. ఇక్కడ తెల్ల పూత లేదు కాబట్టి ఆ కాంతి నేరుగా మంచు మీదే పడుతుంది. చదరపు సెంటీమీటరుకు సెకనుకు కొన్ని వేల ఫోటాన్లే, కానీ ఈ లైటు లక్షల ఏళ్లు ఆరదు. ల్యాబుల్లో ఇలాంటి మంచు మీద ప్రయోగాలకూ హైడ్రోజన్ దీపమే వాడతారు. అంత మోతాదూ గంటల్లో ఇచ్చేస్తారు.

121.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత ఫోటాన్‌లో 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. మెథనాల్‌లో ఒక బంధం తెగడానికి 4 నుంచి 4.5 చాలు. తెగిన ముక్కలు జత లేని ఎలక్ట్రాన్‌తో మిగులుతాయి. ఇవే ఫ్రీ రాడికల్స్. ఆ చలిలో బరువైనవి కదల్లేవు. దగ్గర్లో నక్షత్రం పుట్టి మంచు 30 కెల్విన్ దాకా వేడెక్కితే కదులుతాయి, కలుస్తాయి. మెథనాల్ నుంచి తెగిన రెండు సీహెచ్2ఓహెచ్ ముక్కలు కలిస్తే ఇథిలీన్ గ్లైకాల్ అనే పెద్ద సేంద్రియ అణువు.

2002లో రెండు బృందాలు ల్యాబులో ఇలాంటి మంచు మీద అతినీలలోహిత కాంతి పంపి, ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు రాబట్టాయి. అయితే మంచు వేడెక్కి ఆవిరయ్యాక మిగిలిన పదార్థాన్ని యాసిడ్‌తో విడగొట్టాకే అవి తేలాయి, కాబట్టి మంచులోనే సిద్ధంగా ఉన్నాయని అనకూడదు. బెన్ను గ్రహశకలం మట్టిలో మన ప్రోటీన్లు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 దొరికాయని 2025లో ప్రకటించారు. బెన్ను ఏ పెద్ద శకలం నుంచి విడిపోయిందో ఆ మాతృశకలంలో ఒకప్పుడు ఉప్పునీళ్లు ఉండేవి. వీటిలో మంచులో మొదలైనవెన్నో, ఆ నీళ్లలో తయారైనవెన్నో విడదీయాలి.