ఆ నాలుగు ట్యాగులు ఎవరు రాశారు?

వార్తల లింకులు చూపిస్తున్నందుకు ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలు పత్రికలకు డబ్బు కట్టాలా వద్దా అన్న తగువు మళ్లీ రాజుకుంది. మా సరుకు మీ అంగట్లో పెట్టుకుని గిరాకీ పెంచుకుంటున్నారన్నది పత్రికల మాట. తెచ్చి పెట్టింది మీరే కదా అన్నది కంపెనీల జవాబు. లింకు ఎలా పుట్టింది, షేర్ బటన్ ఎప్పుడొచ్చింది లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ఈ తగువు అర్థం కావాలంటే ఆగాల్సిన చోటు 2010 ఏప్రిల్ 21.

ఆ రోజు సాఫ్ట్‌వేర్ డెవలపర్ల కోసం పెట్టే ఎఫ్8 సదస్సులో ఫేస్‌బుక్ ‘ఓపెన్ గ్రాఫ్’ అనే పద్ధతిని ప్రకటించింది. వెబ్ పేజీ కోడ్‌లో, పాఠకుడి కంటికి కనపడని చోట నాలుగు ట్యాగులు, అంటే ఆ పేజీ వివరాలు చెప్పే చిన్న చీటీలు, ఉండాలి: టైటిల్ (శీర్షిక), టైప్ (రకం), ఇమేజ్ (బొమ్మ), యూఆర్ఎల్ (పేజీ చిరునామా). కావాలంటే రెండు ముక్కల వివరణ కూడా చేర్చుకోవచ్చు. ఎవరైనా ఆ లింకును పేస్ట్ చేయగానే ఫేస్‌బుక్ సర్వర్ పేజీకి వెళ్లి ట్యాగులు చదువుకుని, బొమ్మా శీర్షికా ఉన్న కార్డు తయారు చేస్తుంది. ట్యాగులు లేకపోతే తనకు తోచిన బొమ్మ ఏరుకుంటుంది. అది వార్త ఫొటో కావచ్చు, సైట్ లోగో కావచ్చు, పక్కనున్న ప్రకటన కూడా కావచ్చు. 2012లో ట్విటర్ కూడా తన కార్డులు తెచ్చింది. తర్వాత వాట్సాప్ సహా దాదాపు అన్ని యాప్‌లూ ఇవే ట్యాగులు చదవడం మొదలుపెట్టాయి.

అంటే కార్డులో కనిపించే ప్రతి అక్షరం పత్రిక వాళ్లు తమ చేత్తో రాసిచ్చిందే. వార్తలకు డబ్బు కట్టాలన్న చట్టం మీద 2021లో ఆస్ట్రేలియాతో గొడవ పడ్డప్పుడు ఫేస్‌బుక్ చెప్పిందీ ఇదే. పత్రికలు ఇష్టపడి తమ వార్తలు పెడుతున్నాయని, 2020లో ఆ దేశపు పత్రికలకు తాము 510 కోట్ల క్లిక్‌లు ఉచితంగా పంపామని లెక్క కట్టింది. 2021 ఫిబ్రవరి 18న అక్కడ వార్తలన్నీ ఆపేసింది. ఆ ఊపులో వాతావరణ శాఖ పేజీ కూడా మూతపడింది.

మరి ‘ఇష్టపడి’ అన్న మాట ఎంత నిజం? తెలుగు వెబ్ డెస్క్‌లో ఒక్క షిఫ్టు కూర్చున్న వాళ్లను అడగండి. వార్త శీర్షిక పెట్టెకు కిందే సోషల్ మీడియా కోసం ఇంకో శీర్షిక పెట్టె ఉంటుంది. ఫొటో 1200 బై 630 కొలతకు కత్తిరించాలి, లేదంటే కార్డులో మనిషి తల తెగిపోతుంది. రోడ్డు ప్రమాదంలో మృతులు ముగ్గురని వేసి, అరగంటకు అయిదుగురని తేలితే పేజీలో మార్చడం నిమిషం పని. ఫేస్‌బుక్ మాత్రం పాత కార్డునే దాచిపెట్టుకుని చూపిస్తుంటుంది. వాళ్ల డీబగ్గర్ అనే తనిఖీ పేజీలోకి వెళ్లి, లింకు వేసి, మళ్లీ చదవమని బటన్ నొక్కాలి. వాట్సాప్‌లో అదీ కుదరదు. కార్డు పంపినవాళ్ల ఫోన్‌లోనే తయారై వెళ్లిపోతుంది. ఊరి గ్రూపులో మృతులు ముగ్గురుగానే ఉండిపోతారు. ఈ చాకిరీ అంతా ఎందుకంటే బొమ్మ లేని ఉత్త లింకును ఎవరూ నొక్కరు కాబట్టి.

దీనికి రుజువు జర్మనీలో దొరికింది. 2013లో అక్కడ పత్రికల వార్తా తునకలకు, అంటే సెర్చ్‌లో లింకు కింద కనిపించే ఒకటి రెండు వాక్యాలకు, హక్కు కల్పిస్తూ చట్టం వచ్చింది. దాని అండతో ఆక్సెల్ స్ప్రింగర్ సంస్థ 2014లో తన కొన్ని సైట్ల బొమ్మలు, వాక్యాలు గూగుల్‌లో రాకుండా ఆపించింది. ఉత్త శీర్షికలు మిగిలాయి. రెండు వారాల్లో గూగుల్ సెర్చ్ నుంచి వచ్చే పాఠకులు 40 శాతం, గూగుల్ న్యూస్ నుంచి వచ్చేవాళ్లు 80 శాతం పడిపోయారు. యూరప్‌లోనే పెద్ద ప్రచురణ సంస్థల్లో ఒకటి నవంబరులో చేతులెత్తేసింది. అది సెర్చ్ ముచ్చట, సోషల్ మీడియా కార్డు కాదు, నిజమే. కానీ ఆ తర్వాత ట్యాగులు తీసేద్దామని ఏ ఎడిటర్ అంటాడు?

2019 నాటి యూరప్ కాపీరైట్ ఆదేశం ఈ తేడాను గుర్తించింది. ఉత్త లింకుకు, ‘మరీ చిన్న’ తునకకు మినహాయింపు ఇచ్చింది. మరీ చిన్న అంటే ఎంతో చెప్పలేదు, తగువంతా అక్కడే మిగిలింది. ఆస్ట్రేలియా, కెనడా చట్టాలైతే ఉత్త లింకును కూడా లెక్కలోకి తెచ్చాయి. కంపెనీలకు గట్టి వాదన దొరికింది ఇక్కడే.

కార్డు ఎవరిదన్న ప్రశ్నకు కంపెనీలు కూడా ఒకే మాట మీద నిలబడలేదు. 2017 దాకా ఫేస్‌బుక్ పేజీ నడిపేవాళ్లెవరైనా ఇతరుల వార్త లింకు పెట్టి, కార్డు మీది శీర్షిక, బొమ్మ మార్చేయగలిగేవాళ్లు. తప్పుడు వార్తలు ముదిరాక ఆ వెసులుబాటు తీసేసి, సొంతదారుకే మార్చుకునే హక్కు ఉంచారు. కార్డు పత్రికదేనని ఒప్పుకున్నట్టే కదా. 2023 అక్టోబరులో ఎక్స్ (ట్విటర్ కొత్త పేరు) దీన్ని తలకిందులు చేసింది. చూడ్డానికి బాగుంటుందని ఎలాన్ మస్క్ కార్డుల మీద శీర్షికలు తీయించేశారు. బొమ్మ మూలన సైట్ పేరొక్కటే మిగిలింది. విమర్శలొచ్చాక శీర్షిక చిన్న అక్షరాల్లో తిరిగొచ్చింది. పత్రికలు రాసిన ట్యాగు పేజీలో ఉన్నచోటే ఉంది, చూపించాలా వద్దా అన్నది మాత్రం ఒక్క మనిషి అభిరుచి మీద నడిచింది.

మన దగ్గర ఈ తగువు ఇంకా గూగుల్ చుట్టూనే తిరుగుతోంది. ఈనాడు కూడా సభ్యత్వం ఉన్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో విచారణకు ఆదేశించింది.

డబ్బు కట్టించే చట్టం వచ్చిన కెనడాలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2023 ఆగస్టు 1 నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలు ఆపేయడం మొదలుపెట్టింది. పదిహేను రోజులకే ఎల్లోనైఫ్ నగరానికి కార్చిచ్చు ముంచుకొచ్చింది. దాదాపు 20 వేల మందిని ఊరు ఖాళీ చేయమన్నారు. వార్త లింకు పెడితే పోస్టు పడదు. జనం వార్తను స్క్రీన్‌షాట్ తీసి పంచుకున్నారు. శీర్షిక, బొమ్మ, రెండు వాక్యాలు, అంటే కార్డులో ఉండేవే. నొక్కితే పత్రికకు వెళ్లే దారి ఒక్కటే లేదు. అక్కడి సైట్ల పేజీల్లో ఆ నాలుగు ట్యాగులు మాత్రం అలాగే ఉన్నాయి. అదే మెటా వాళ్ల వాట్సాప్‌లో లింకు వేస్తే చక్కగా చదువుకుని కార్డు చూపిస్తుంది.